మంగంపేట ముగ్గురాయి: యాజమాన్యం, శ్రమ, సహకారం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఉమ్మడి కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేట ముగ్గురాయి గనుల్లో ఖనిజంపై హక్కు ప్రధానంగా ప్రభుత్వరంగ సంస్థ చేతిలో ఉంది. తవ్వకం కాంట్రాక్టు పద్ధతిలో, పొడిచేసే మిల్లులు ప్రైవేటు యాజమాన్యంలో నడుస్తున్నాయి. ఈ అమరికను సామ్యవాదుల పెట్టుబడిదారీ విమర్శ వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. చేనేత, కల్లుగీత సహకార సంఘాల అనుభవం, సమత తీర్పు, 1995 నాటి పరస్పర సహాయ సహకార చట్టం, సింగరేణి లాభాల వాటా ఇందుకు ఆధారాలు. గని మీద వచ్చే ఖనిజ కిరాయి ప్రజలందరిదనీ, గనిలోనూ మిల్లులోనూ జరిగే పని మీది అధికారం మాత్రం శ్రామిక సహకార సంఘాలకు చెందడం న్యాయమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ముగ్గురాయి, ఖనిజ కిరాయి, శ్రామిక సహకారం, కాంట్రాక్టు శ్రమ, రాయలసీమ, సమత తీర్పు.

1. ప్రస్తావన

రాయలసీమ చరిత్ర రచనలో కరవు, నీటిపారుదల, ముఠాకక్షలు ప్రధాన విషయాలుగా నిలిచాయి. గనుల ప్రస్తావన వచ్చినా అది ఎక్కువగా ముఠాల ఆర్థిక మూలాల చర్చలో భాగంగానే వచ్చింది. మానవహక్కుల ఉద్యమకారుడు కె. బాలగోపాల్ వంటివారు పల్లె ఆధిపత్యానికీ గనుల లీజులకూ కాంట్రాక్టులకూ మధ్య ఏర్పడిన బంధాన్ని విశ్లేషించారు. ఆ విశ్లేషణ ప్రధానంగా గనిని ఎవరు చేజిక్కించుకున్నారన్న ప్రశ్న చుట్టూ సాగింది. గనిలో పని ఎలా జరుగుతుంది, ఆ పనిని ఎవరు నిర్ణయిస్తారు, దాని ఫలం ఎలా పంపిణీ అవుతుంది అన్న ప్రశ్నలకు మన పరిశోధనలో దక్కిన చోటు తక్కువ.

సామ్యవాద ఆలోచనలో ఈ రెండో ప్రశ్నకు సుదీర్ఘమైన చరిత్ర ఉంది. ప్రైవేటు ఆస్తి స్థానంలో ప్రభుత్వ ఆస్తి వస్తే శ్రామికుని స్థితి దానంతటదే మారుతుందా అన్న చర్చ పందొమ్మిదో శతాబ్దం నుంచి సాగుతూనే ఉంది. ఆ చర్చకు మంగంపేట తగిన ఉదాహరణ. ఇక్కడ ప్రభుత్వ యాజమాన్యం అర్ధశతాబ్దానికి చేరువైంది. కనుక దాని ఫలితాన్ని ఊహించవలసిన అవసరం లేదు, పరిశీలిస్తే చాలు.

2. ముగ్గురాయి: పేరు, పదార్థం, విపణి

బెరైటీస్ అనే ఖనిజానికి తెలుగులో వాడుకలో ఉన్న పేరు ముగ్గురాయి. మెత్తగా దంచితే వాకిట ముగ్గు వేయడానికి పనికివచ్చే రాయి కావడం వల్ల ఆ పేరు వచ్చింది. పేరు ఇంటి వాకిటిని గుర్తుచేస్తుంది గాని దాని విపణి చమురు బావుల దగ్గర ఉంది. రసాయనికంగా ఇది బేరియం సల్ఫేటు. దీని విశిష్ట సాంద్రత సుమారు 4.2. చమురు, సహజవాయు బావులను తవ్వేటప్పుడు లోపలి పీడనం ఎగదన్నకుండా బావిలోకి బరువైన బురదను పంపుతారు. ఆ బురదకు బరువునిచ్చేది ముగ్గురాయి పొడి. అందువల్ల మంగంపేటలో పని దొరకడమూ దొరకకపోవడమూ చాలావరకు అంతర్జాతీయ చమురు ధరల మీద ఆధారపడి ఉంటుంది. 1973 చివర చమురు ధరలు ఒక్కసారిగా పెరిగి ప్రపంచమంతటా చమురు అన్వేషణ ఊపందుకున్న కాలంలోనే ఈ గనులకు అంతర్జాతీయ ప్రాధాన్యం ఏర్పడడం యాదృచ్ఛికం కాదు.

భూవిజ్ఞానం ప్రకారం ఈ నిక్షేపం కడప హరివాణంలో, నల్లమల వర్గానికి చెందిన పుల్లంపేట పొరల్లో ఉంది. పులివెందుల ప్రాంతంలో ముగ్గురాయి రాతి పగుళ్లలో సన్నని ఈనెలుగా దొరుకుతుంది. మంగంపేటలో అది విశాలమైన పొరగా పరుచుకుని ఉంది. ఒకేచోట ఉన్న ముగ్గురాయి నిక్షేపాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దదిగా దీనికి పేరుంది. మొత్తం నిల్వను సుమారు 7.4 కోట్ల టన్నులుగా లెక్కగట్టారు. దేశంలో ఉత్పత్తి అయ్యే ముగ్గురాయిలో అత్యధిక భాగం ఆంధ్రప్రదేశ్‌దే, అందులోనూ సింహభాగం మంగంపేటది.

నిక్షేపం స్వభావమే యాజమాన్య స్వరూపాన్ని కూడా ప్రభావితం చేసింది. ఈనెలుగా దొరికే రాయిని చిన్న లీజుదారులు కొద్దిమంది కూలీలతో గడ్డపార, సమ్మెట పట్టి తవ్వించగలరు. లోతుకు దిగిన పొరను తవ్వాలంటే పైనున్న మట్టినీ రాతినీ పెద్దయెత్తున తొలగించాలి, యంత్రాలు కావాలి, పెట్టుబడి కావాలి. 1961లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ మంగంపేటలో ప్రధాన స్థానానికి రావడానికి ప్రజాప్రయోజన సిద్ధాంతంతో పాటు ఈ సాంకేతిక కారణం కూడా తోడైంది. ప్రైవేటు లీజులతో మొదలైన తవ్వకం 1970ల నుంచి క్రమంగా ప్రభుత్వ సంస్థ పరిధిలోకి వచ్చింది.

ప్రస్తుతం ఈ పరిశ్రమలో మూడు అంచెలు కనిపిస్తాయి. మొదటిది, లీజు హక్కుగల ప్రభుత్వ సంస్థ. రెండోది, మట్టి తొలగింపు, తవ్వకం వంటి పనులను టెండర్ల ద్వారా పొందే కాంట్రాక్టు సంస్థలు. మూడోది, ఓబులవారిపల్లె, రైల్వేకోడూరు పరిసరాల్లో ముడిరాయిని పొడిచేసే ప్రైవేటు మిల్లులు. శ్రామికులలో అధికభాగం రెండో, మూడో అంచెల్లో ఉన్నారు. అంటే గని ప్రభుత్వానిదే అయినా పని ఎక్కువగా ప్రైవేటు సంబంధాల కిందే నడుస్తోంది.

3. పెట్టుబడిదారీ విమర్శలో సహకారం స్థానం

సామ్యవాదుల పెట్టుబడిదారీ విమర్శను దోపిడీ అనే ఒక్క మాటకు కుదించడం పరిపాటి. అందులో కనీసం రెండు భిన్నమైన అంశాలున్నాయి. మొదటిది పంపిణీకి సంబంధించినది: శ్రామికుడు సృష్టించిన విలువలో వేతనానికి మించిన భాగం పెట్టుబడిదారునికి పోతుంది. రెండోది అధికారానికి సంబంధించినది: పని వేళ, వేగం, పద్ధతి, ప్రమాదం, చివరకు పని ఉండడమూ ఊడడమూ శ్రామికుని ప్రమేయం లేకుండా నిర్ణయమవుతాయి. వేతనం పెంచితే మొదటి అన్యాయం కొంత తగ్గుతుంది. రెండోది అలాగే మిగులుతుంది.

శ్రామిక సహకార సంఘాల మీద చర్చ ఈ రెండో అంశం నుంచే బలం పుంజుకుంది. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో 28 మంది కలిసి స్థాపించింది వినియోగదారుల దుకాణం. అక్కడ స్థిరపడిన సూత్రాలు ఉత్పత్తి సంఘాలకు కూడా మార్గదర్శకమయ్యాయి. 1864లో అంతర్జాతీయ శ్రామిక సంఘ ప్రారంభోపన్యాసంలో మార్క్స్ సహకార కర్మాగారాలను ఎంతో గౌరవంగా ప్రస్తావించాడు. యజమాని వర్గం లేకుండానే ఆధునిక స్థాయిలో ఉత్పత్తి నడపవచ్చునని అవి ఆచరణలో రుజువు చేశాయని అతని అభిప్రాయం. అయితే అవి చిన్న చిన్న ప్రయత్నాలుగా ఉండిపోతే గుత్తాధిపత్యాన్ని నిలువరించలేవని ఆ ఉపన్యాసంలోనే హెచ్చరించాడు. కాపిటల్ మూడో సంపుటంలో అవి పాత వ్యవస్థలో పుట్టిన కొత్త మొలకలనీ, పాత వ్యవస్థ లోపాలను కూడా అవి పునరుత్పత్తి చేస్తాయనీ వివరించాడు.

మన విషయానికి మరింత దగ్గరైనది 1875లో గోథా కార్యక్రమం మీద మార్క్స్ చేసిన విమర్శ. ప్రభుత్వ సహాయంతో ఉత్పత్తి సంఘాలు స్థాపించి సామ్యవాదాన్ని సాధించవచ్చునన్న లాసాల్ ధోరణిని అతడు తిరస్కరించాడు. శ్రామికులు స్వతంత్రంగా నిర్మించుకున్నప్పుడే సహకార సంఘానికి విలువ ఉంటుందని, ప్రభుత్వం చేరదీసి సాకిన సంఘానికి ఆ విలువ ఉండదని అతని వాదన.

ఇక శతాబ్ది చివర రోజా లక్సెంబర్గ్ సహకార ఉత్పత్తి సంఘంలోని అంతర్వైరుధ్యాన్ని ఎత్తి చూపింది. పోటీ విపణిలో నిలవాలంటే శ్రామికులే తమ మీద తాము యజమాని పాత్ర వహించవలసి వస్తుంది. అలా వహించలేకపోతే సంఘం మూతపడుతుంది. వహిస్తే క్రమంగా సాధారణ సంస్థగా మారిపోతుంది. ఈ ఇరకాటం నుంచి బయటపడాలంటే నిలకడైన విపణి అవసరమని ఆమె సూచించింది. 1891లో బియాట్రిస్ పాటర్ మరో కోణం నుంచి ఇటువంటి సందేహాన్నే వ్యక్తం చేసింది.

ఈ విమర్శల నుంచి మూడు పరీక్షలను గ్రహించవచ్చు. సంఘం ప్రభుత్వం నుంచీ ధనవంతుల నుంచీ స్వతంత్రంగా ఉందా? సభ్యులు కానివారిని కూలికి పెట్టుకుని యజమానుల సంఘంగా మారకుండా ఉందా? పోటీ ఒత్తిడిని తట్టుకునే విపణి గానీ నిధి గానీ దానికి ఉందా? తెలుగునేల మీది సంఘాలను ఈ మూడు పరీక్షలతో చూడడం తరువాతి భాగాల పని.

4. తెలుగు సమాజంలో సమష్టి శ్రమ, సహకారం

సహకారం అనే భావన మన పల్లెలకు కొత్తది కాదని చెప్పడం రివాజు. ఒకరి చేనికి మరొకరు బదులు పనికి పోవడం, చెరువు పూడిక కలిసి తీయడం ఇందుకు ఉదాహరణలుగా చూపుతారు. ఈ వాదాన్ని జాగ్రత్తగా స్వీకరించాలి. సీమ జిల్లాల్లో చెరువుల నిర్వహణకు దశబంధ ఇనాములు ఉండేవి. కుడిమరామత్తు పేరిట రైతుల శ్రమను సమీకరించేవారు. ఆ శ్రమలో ఎవరు మట్టి మోయాలి, ఎవరు అజమాయిషీ చెయ్యాలి అన్నది కులమూ భూమీ నిర్ణయించేవి. 1858లో మద్రాసు ప్రభుత్వం నిర్బంధ శ్రమ చట్టం చేయవలసి వచ్చిందంటే అందులో స్వచ్ఛందత ఎంతో తెలుస్తుంది. కలిసి పనిచేయడం సమష్టి శ్రమ. ఆ పని గురించి కలిసి, సమానంగా నిర్ణయించడం సహకారం. మొదటిదానికి మన పల్లెల్లో పూర్వరూపాలు ఉన్నాయి, రెండోదానికి ఆధారాలు తక్కువ.

ఆధునిక సాహిత్యంలో శ్రామికుని ప్రశ్నను విస్తృతంగా చర్చకు పెట్టిన తొలి తెలుగు నవలల్లో ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో చెరసాలలో రచించిన మాలపల్లి ముఖ్యమైనది. కూలిని ధాన్యంగా ఇవ్వాలా నగదుగా ఇవ్వాలా అన్న వివాదం అందులో కథను నడిపించే శక్తుల్లో ఒకటి. ధరలు పెరిగినప్పుడు కొలిచి ఇచ్చే గింజల విలువ పెరుగుతుంది, లెక్కించి ఇచ్చే నాణేల విలువ తరుగుతుంది. ఆ భారం ఎవరు మోయాలన్నదే అసలు తగాదా. ఉన్నవ దృష్టి అక్కడితో ఆగలేదు. సంగదాసు స్మృతిగా వెలసిన సంగపీఠం ద్వారా చదువు, వృత్తి, సంఘం కలిసిన వ్యవస్థను ఆయన ఊహించాడు. కూలి పెంపుకోసం చేసే పోరాటం నుంచి పని మీద సొంత అధికారం వైపు సాగిన ఈ ఊహను సాహిత్య పరిశోధకులు శ్రామిక చరిత్రతో కలిపి చదవవలసిన అవసరం ఉంది.

5. చేనేత, కల్లుగీత: రెండు అనుభవాలు

మనదేశంలో సహకార చట్టం 1904లో పరపతి సంఘాల కోసం వచ్చింది. దానికి ముందు మద్రాసు ప్రభుత్వం కోరికపై ఫ్రెడరిక్ నికల్సన్ ఐరోపా సంఘాలను అధ్యయనం చేసి 1890లలో నివేదిక సమర్పించాడు. 1912 చట్టం పరపతేతర సంఘాలకు కూడా చోటిచ్చింది. అంటే మనదగ్గర సహకారం ప్రధానంగా వడ్డీవ్యాపారికి మందుగా, ప్రభుత్వం చేతుల మీదుగా ప్రవేశించింది. యజమానికి ప్రత్యామ్నాయంగా శ్రామికుల చేతుల మీదుగా రాలేదు. ఈ పుట్టుమచ్చ తరువాత చాలాకాలం చెరగలేదు.

మంగంపేటకు పొరుగున ఉన్న పుల్లంపేట పేరు భూవిజ్ఞానులకు రాతిపొర పేరుగా, కొనుగోలుదారులకు చీరల పేరుగా పరిచితం. ఆ ప్రాంతపు నేతగాళ్ల వంటివారి కోసమే చేనేత సహకార సంఘాలు ఏర్పడ్డాయి. ఆశయం స్పష్టం: నూలు అప్పిచ్చి, బట్ట తీసుకుని, మజూరీ మాత్రం చేతిలో పెట్టే ఆసామి స్థానంలో నేతగాళ్ల సొంత సంఘం నిలవాలి. 1976లో ఏర్పడిన ఆప్కో ఆ సంఘాల బట్టను కొని అమ్మే శిఖర సంస్థ. ఆచరణలో అనేకచోట్ల సంఘం పగ్గాలు ఆసాములవి అయ్యాయి, మగ్గం లేని సభ్యులు పుస్తకాల్లో చేరారు, ప్రభుత్వ కొనుగోలు ఆలస్యమైతే సంఘం పని ఆగింది. మన పరీక్షల ప్రకారం చూస్తే విపణి భద్రత ఉంది గాని స్వతంత్రత లేదు. ఆ భద్రత కూడా ప్రభుత్వ బకాయిలు చెల్లేవరకే.

కల్లుగీత సంఘాల చరిత్ర మరోలా మొదలైంది. అక్కడ శత్రువు ఆబ్కారీ కాంట్రాక్టరు. వేలంలో హక్కు పొందిన కాంట్రాక్టరు కింద గీత కార్మికుడు చెట్టెక్కేవాడు. ప్రమాదం గీసేవానిది, లాభం వేలంపాటగానిది. గీసేవారికే చెట్టు దక్కాలన్న కోరిక మీద తెలంగాణలో బొమ్మగాని ధర్మభిక్షం వంటి నాయకుల ఆధ్వర్యంలో సాగిన ఉద్యమం కాంట్రాక్టరును తొలగించి గీత కార్మికుల సహకార సంఘాలకు హక్కు దక్కేలా చేసింది. ఇక్కడ సంఘానికి ముందు పోరాటం ఉంది. చెట్టెక్కగలవాడే సభ్యుడన్న నియమం ఉంది. లోపాలు లేకపోలేదు. చెట్లు తరిగిపోవడం, మద్యం వ్యాపారం పోటీ, కొన్నిచోట్ల సభ్యత్వం తిరిగి బయటివారి చేతుల్లోకి జారడం వాటిని బలహీనపరిచాయి. అయినా వనరు మీద కాంట్రాక్టు హక్కును పనిచేసేవారి సంఘం హక్కుగా మార్చడం చట్టపరంగా సాధ్యమేనని ఈ అనుభవం నిరూపించింది. గని పరిశ్రమకు ఈ పాఠం ఎంతో విలువైనది.

ఇదే కాలంలో కేరళలోని కణ్ణూరులో మరో నిదర్శనం కనిపిస్తుంది. బీడీ కార్మికుల కోసం 1966లో వచ్చిన చట్టం అమలును తప్పించుకోవడానికి ప్రైవేటు సంస్థలు పని మూసివేస్తే, పని కోల్పోయిన కార్మికులతో 1969లో దినేశ్ బీడీ సహకార సంఘం ఏర్పడింది. అదే వృత్తిలో ఉన్న నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల మహిళలు మాత్రం ప్రధానంగా కాంట్రాక్టర్ల ద్వారానే ఆకు, తంబాకు తీసుకుని ఇంటివద్ద బీడీలు చుడుతున్నారు. చట్టం రెండుచోట్లా ఒకటే. సంఘటిత ఉద్యమ బలం, దానికి ప్రభుత్వం ఇచ్చిన అండ వేరువేరు.

ప్రభుత్వ పట్టు సమస్యకు 1995లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒక కొత్త మార్గం తెరిచింది. 1964 సహకార చట్టం రిజిస్ట్రారుకు విస్తృత అధికారాలిచ్చింది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ప్రభుత్వ వాటాధనాన్ని వద్దనుకున్న సంఘాలకు తమ నియమావళిని తామే రూపొందించుకుని తమ ఎన్నికలు తామే నిర్వహించుకునే స్వేచ్ఛనిచ్చింది. దేశంలో ఇటువంటి చట్టాల్లో ఇదే మొదటిది. ఆర్థిక సరళీకరణ కాలంలో వచ్చిన ఈ చట్టం, స్వతంత్రత గురించి 1875లో మార్క్స్ పెట్టిన షరతును ఒకరకంగా నెరవేర్చడం చరిత్రలోని విచిత్రం. 2006లో పాడి సంఘాలను ఈ చట్ట పరిధి నుంచి తప్పించడానికి ప్రభుత్వం సవరణ తెచ్చినప్పుడు దానిని హైకోర్టు కొట్టివేసింది, 2011లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే సమర్థించింది. స్వతంత్రత చట్టంలోకి వచ్చినా దానిని నిలుపుకోవడానికి న్యాయస్థానాల మెట్లెక్కవలసి వచ్చింది.

6. గనుల్లో సహకారం: తీర్పు, వాటా, మినహాయింపు

గనుల విషయంలో తెలుగునేల మీది నిర్ణాయక ఘట్టం 1997 జూలై 11న సుప్రీంకోర్టు వెలువరించిన సమత తీర్పు. విశాఖ జిల్లా అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గిరిజనేతరులకు ఇచ్చిన గనుల లీజులను సమత అనే స్వచ్ఛంద సంస్థ సవాలు చేసింది. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ ప్రకారం ఏజెన్సీ ప్రాంతంలో భూమి గిరిజనునికి గానీ, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి గానీ మాత్రమే బదిలీ కావాలి. ఈ నియమం ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందని న్యాయస్థానం 2:1 మెజారిటీతో తేల్చింది. ఖనిజాన్ని ప్రభుత్వ సంస్థ గానీ, గిరిజనులు వ్యక్తిగతంగా గానీ సహకార సంఘాలుగా గానీ తవ్వుకోవచ్చునన్నది. నికరలాభంలో కనీసం 20 శాతం స్థానిక అభివృద్ధికి శాశ్వతనిధిగా ఉంచాలని కూడా సూచించింది.

మంగంపేట షెడ్యూల్డు ప్రాంతం కాదు కనుక ఈ తీర్పు అక్కడ వర్తించదు. అయినా సిద్ధాంతపరంగా దాని విలువ తగ్గదు. గని హక్కుకు ప్రైవేటు, ప్రభుత్వ రూపాలతో పాటు సహకార రూపం కూడా న్యాయసమ్మతమేనని దేశ అత్యున్నత న్యాయస్థానం గుర్తించింది. మైదాన ప్రాంతంలో సైతం ఇటువంటి గుర్తింపు కొంత ఉంది. రాతి క్వారీల కేటాయింపులో వడ్డెర సహకార సంఘాలకు రాష్ట్ర చిన్నతరహా ఖనిజ నియమాలు ప్రాధాన్యం కల్పించాయి. రాయి కొట్టే కులవృత్తివారికి రాతి మీద హక్కు ఇవ్వడం అందులోని ఉద్దేశం.

ఈ వెసులుబాటు ముగ్గురాయికి ఎంతవరకు అందుతుందన్నది ఖనిజ వర్గీకరణ మీద కూడా ఆధారపడి ఉంది. 2015 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం 31 ఖనిజాలను చిన్నతరహా జాబితాలో చేర్చింది, వాటిలో ముగ్గురాయి ఒకటి. 2025 ఫిబ్రవరిలో ముగ్గురాయిని తిరిగి ప్రధాన ఖనిజంగా వర్గీకరించింది. ప్రధాన ఖనిజాల కొత్త లీజులకు సాధారణ మార్గం వేలం, వేలానికి నికర ఆస్తి అర్హత ఉండాలి. చేతుల కష్టమే ఆస్తిగా ఉన్న సంఘం ఆ తలుపు దాటలేదు. పేరుకు ఇది సాంకేతిక వర్గీకరణ. ఫలితంలో ఎవరు గని యజమాని కాగలరో నిర్ణయించే నియమం.

పూర్తి ప్రభుత్వ యాజమాన్యంలోని శ్రామికుని స్థితిని అర్థం చేసుకోవడానికి సింగరేణి మంచి కొలబద్ద. 1990ల చివర మొదలైన లాభాల వాటా పద్ధతి అక్కడ శ్రామికుల సంఘటిత శక్తికి నిదర్శనం. 2024లో ఆ వాటా 33 శాతం. కాని అది సంస్థ సొంత ఉద్యోగులకు దక్కే వాటా. అదే సంవత్సరం కాంట్రాక్టు కార్మికులకు ఒక్కొక్కరికి 5 వేల రూపాయలు ప్రకటిస్తే, అలా ఇవ్వడం అదే మొదటిసారిగా చెప్పుకున్నారు. ఒకే గనిలో పనిచేసేవారి మధ్య గీత ఎక్కడ పడుతుందో ఈ రెండు సంఖ్యలు చెబుతాయి. వాటా పంపిణీకి సంబంధించిన అన్యాయాన్ని కొంత సరిచేసింది. పని మీది అధికారం ప్రశ్న అలాగే ఉంది. కాంట్రాక్టు శ్రామికునికి ఈ రెండూ దూరమే.

7. మంగంపేటకు అన్వయం

మంగంపేటలో గత దశాబ్దాల వివాదాలను గమనిస్తే అవి ఎక్కువగా ముడిరాయి ధర, స్థానిక మిల్లులకు కేటాయింపు, ఎగుమతి అనే మూడు అంశాల చుట్టూ తిరిగాయి. స్థానిక మిల్లులకు తక్కువ ధరకు రాయి ఇస్తే ఉపాధి నిలుస్తుందని మిల్లు యజమానుల వాదన. బహిరంగ విపణి ధరకు అమ్మితే ఖజానాకు రాబడి పెరుగుతుందని ప్రభుత్వ పక్షం. రెండు పక్షాల వాదనల్లోనూ శ్రామికుని పేరు వినిపించింది. చర్చ జరిగిన బల్ల దగ్గర మాత్రం అతనికి కుర్చీ లేదు.

ఈ వివాదంలోని ఆర్థిక సారం కిరాయి అన్న భావనతో స్పష్టమవుతుంది. రికార్డో నుంచి మార్క్స్ వరకు ఆర్థికవేత్తలు వివరించినట్లు, ప్రకృతి ఒకచోట మెరుగైన వనరును ఉంచినందువల్ల పుట్టే అదనపు రాబడి కిరాయి. దానిని పెట్టుబడి పెట్టినవాడూ సృష్టించలేదు, పనిచేసినవాడూ సృష్టించలేదు. తక్కువ ధరకు రాయి ఇవ్వడమంటే ఆ కిరాయిలో కొంత మిల్లు యజమానికి బదిలీ చేయడమే.

ఇక్కడే శ్రామిక సహకారాన్ని సమర్థించేవారు ఒక కఠినమైన ప్రశ్నకు జవాబు చెప్పాలి. గనిని శ్రామికుల సంఘానికి అప్పగిస్తే ఆ కిరాయి కొన్నివేల కుటుంబాలదవుతుంది. మంచి రాయి దొరికిన చోట పుట్టినందుకు ఒక సంఘం సంపన్నం కావడం, నాపరాయి క్వారీలో అంతకన్నా ఎక్కువ చెమటోడ్చే మరో సంఘం పేదగా మిగలడం సామ్యవాద న్యాయానికి ఎలా సరిపోతుంది? రాజ్యాంగం 39వ అధికరణం సమాజపు భౌతిక వనరులు సామాన్య హితానికి ఉపయోగపడాలంటుంది. ఆ హితం ఒక్క మంగంపేటదే కాదు.

ఈ ఆక్షేపణ న్యాయమైనదే. దానికి సమాధానం కిరాయినీ శ్రమఫలాన్నీ వేరుచేయడంలో ఉంది. ఖనిజం మీది హక్కు, దాని కిరాయి ప్రజల పక్షాన ప్రభుత్వ సంస్థ దగ్గరే ఉండాలి. మట్టి తొలగింపు, తవ్వకం, రాయి ఏరివేత, రవాణా, పొడిచేయడం వంటి పనులు ఇప్పుడు కాంట్రాక్టర్లకూ ప్రైవేటు మిల్లులకూ వెళ్తున్నాయి. సహకార సంఘం అడగవలసింది ఈ స్థానాన్ని. కల్లుగీత ఉద్యమం సాధించినదీ ఇదే: పన్ను ప్రభుత్వానికి చెల్లుతూనే ఉంది, మధ్యనున్న కాంట్రాక్టరు తొలగిపోయాడు.

8. సాధ్యాసాధ్యాలు

దీనిమీద ప్రధానంగా మూడు సందేహాలు వస్తాయి. మొదటిది, భారీ యంత్రాలతో కూడిన పనిని శ్రామికుల సంఘం నిర్వహించగలదా అన్నది. కేరళలో 1925లో వాగ్భటానందుని ప్రేరణతో కొద్దిమంది కూలీలు స్థాపించుకున్న ఊరాలుంగల్ శ్రామిక కాంట్రాక్టు సహకార సంఘం ఇప్పుడు రోడ్లు, వంతెనలు నిర్మించే పెద్ద సంస్థ. యంత్రాలు కొనడం, ఇంజనీర్లను నియమించడం సంఘ స్వభావానికి అడ్డురాలేదు. మన రాష్ట్రంలో సైతం శ్రామిక కాంట్రాక్టు సంఘాలు ఉన్నాయి. వాటిలో చాలావరకు పని రిజర్వేషను పొందడానికి కాంట్రాక్టర్లు తొడుక్కున్న ముసుగులుగా మారడం విచారకరం. తేడా సభ్యత్వ నియమంలో ఉంది. పనిచేసేవారే సభ్యులు, నిర్ణీత కాలం పనిచేసిన ప్రతివారికీ సభ్యత్వ హక్కు అన్న రెండు నియమాలు లేని సంఘం పేరుకే సంఘం.

రెండోది, చమురు ధరలు పడిపోతే పని తగ్గుతుంది, అప్పుడు సంఘం ఏమవుతుంది అన్నది. స్పెయిన్‌లోని మోండ్రాగాన్ సంఘాల సముదాయం 1956 నుంచి నడుస్తోంది. 2013లో దాని పెద్ద సంస్థల్లో ఒకటైన ఫాగోర్ దివాలా తీసింది. ఒంటరి సంఘమైతే సభ్యులు వీధిన పడేవారు. సముదాయంలోని ఇతర సంఘాలు వారిలో చాలామందికి పని కల్పించాయి. కనుక గనిసంఘం ఒక్కటే సరిపోదు. మిల్లులు, రవాణా, పొరుగున నాపరాయి పని, చేనేత కలిసిన సముదాయం కావాలి. లక్సెంబర్గ్ కోరిన నిలకడను ఒకే కొనుగోలుదారుడు కొంతవరకే ఇవ్వగలడు. మిగతాది వైవిధ్యం ఇవ్వాలి.

మూడోది, గని ఒకనాడు అయిపోతుంది అన్నది. 7.4 కోట్ల టన్నుల నిల్వ ఎంత పెద్దదైనా తరిగేదే. ప్రైవేటు సంస్థ రాయి అయిపోతే మరోచోటికి వెళ్తుంది. అక్కడే పుట్టి, పేలుళ్ల అదురుకు ఊరు కదలవలసి వచ్చినా ఆ చుట్టుపక్కలే ఉండిపోయే శ్రామికునికి ఆ వెసులుబాటు లేదు. మిగులులో కొంత భాగాన్ని ఎవరూ పంచుకోరాని ఉమ్మడి నిధిగా ఉంచడం సహకార సంప్రదాయంలో పాత నియమం. సమత తీర్పులోని శాశ్వతనిధి ఆలోచనా, 2015 తరువాత వచ్చిన జిల్లా ఖనిజ నిధీ ఇదే దారిలో ఉన్నాయి. ఖనిజ నిధిని అధికారులు, ప్రజాప్రతినిధులు నిర్వహిస్తారు. సంఘనిధి మీద నిర్ణయం ఆ దుమ్ము పీల్చినవారిది.

9. ముగింపు

మంగంపేట చరిత్ర ఒక విషయాన్ని స్పష్టం చేస్తోంది. గని ప్రభుత్వపరం కావడం వల్ల ఖనిజ కిరాయిలో కొంతైనా ప్రజల ఖజానాకు చేరే మార్గం ఏర్పడింది, దీనిని తక్కువ చేసి చూడరాదు. కాని గనిలో పని సంబంధాలను ఆ మార్పు తాకలేదు. లీజు ప్రభుత్వానిదైనా పారపట్టిన చేతికి యజమాని కాంట్రాక్టరే. సామ్యవాద విమర్శలో పంపిణీ అంశానికి మాత్రమే జాతీయీకరణ కొంత జవాబు చెప్పింది. అధికారం అంశానికి జవాబు శ్రామిక సహకారంలో వెదకాలి.

ఆ జవాబుకు అవసరమైన న్యాయ, సంస్థాగత సామగ్రి తెలుగు చరిత్రలోనే ఉంది. స్వతంత్రతకు 1995 చట్టం, వనరు హక్కుకు సమత తీర్పు, కాంట్రాక్టరును తొలగించే పద్ధతికి కల్లుగీత ఉద్యమం, హెచ్చరికగా చేనేత సంఘాలు ఉన్నాయి. 1976లో రాజ్యాంగంలో చేరిన 43ఏ అధికరణం పరిశ్రమ నిర్వహణలో శ్రామికుల భాగస్వామ్యాన్ని, 2012లో అమలులోకి వచ్చిన 43బి సహకార సంఘాల స్వతంత్ర ఎదుగుదలను ఆదేశసూత్రాలుగా పేర్కొన్నాయి. ఈ రెండింటినీ కలిపి చదివితే మంగంపేట శ్రామికుని కోరిక రాజ్యాంగ భాషలోనే కనిపిస్తుంది.

పరిశోధకులకు ఇక్కడ చేయవలసిన పని మిగిలి ఉంది. గనుల చరిత్ర ఇంతవరకు లీజుల దస్త్రాల నుంచి, కోర్టు తీర్పుల నుంచి రాయబడింది. ఈ వ్యాసం కూడా ఆ పరిధిలోనిదే. రాయి ఏరిన స్త్రీలు, మిల్లులో బస్తాలు నింపినవారు, ఊరు కదిలిన కుటుంబాలు తమ పనిని ఏ పదాలతో చెప్పుకుంటారో సేకరించాలి. మౌఖిక చరిత్ర, మాండలిక పదసేకరణ తెలుగు శాఖలకు అలవాటైన రంగాలే. సహకారం అన్న మాటకు ఆ పల్లెల్లో ఈనాడు ఏ అర్థం మిగిలి ఉందో తెలిస్తేనే, దానికి రేపు ఏ అర్థం ఇవ్వవచ్చో నిర్ణయించగలం.